మొండి అక్కయ్య, నాలుగో వర్షన్

మావయ్యకి,

నువ్వు క్షేమమే అనుకుంటున్నాను. ఫోను ఎత్తవు కాబట్టి అనుకోవడం ఒక్కటే నా పని.

ఒక సాయం కావాలి. మేం లైబ్రరీలకి సాఫ్ట్‌వేర్ చేస్తాం కదా. దాని వర్షన్లని అంకెలతో పిలుచుకుంటుంటే ఏది ఏదో తెలియక పోయినసారి పాతదాన్నే మళ్ళీ పంపించాం. అందుకని ఇకనుంచి ప్రతిదానికీ ఒక ముద్దుపేరు. వర్ణించే మాట ఒకటి, పేరు ఒకటి, చీటీ తీసినట్టు కంప్యూటరే కలిపి తీస్తుంది. ఒక్కసారే తీయాలి, ఏది వస్తే అదే. ఆ మాటలు సమకూర్చే పని నా నెత్తిన పడింది. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాడివి, నీ దగ్గర లేని మాటలు ఇంకెవరి దగ్గరుంటాయి?

నీ మేనకోడలు

తా.క.: నీకు రాస్తున్నట్టు అమ్మకి చెప్పలేదు. చెబితే 'ముందు వాణ్ణి తప్పుల్లేకుండా రాయమను' అంటుంది.

---

కోడలు పిల్లకి ఆశీస్సులు.

ఇవిగో వంద మాటలు. మెత్తని, కొంటె, తడిసిన లాంటివి యాభై. ఉడుత, గొడుగు, తాబేలు లాంటివి యాభై. మూడుసార్లు దిద్దాను. ఒక్క తప్పు చూపించు, మీసం తీసేస్తాను.

మీ మావయ్య

తా.క.: మీ అమ్మ ఎలా ఉంది? నాకేం అక్కర్లేదు, ఊరికే అడిగాను. నేను దిద్దిన నీ పెళ్ళికార్డులో 'వధువు' కాస్తా 'మధువు' అయిందంటే అది ఒక్క తోక తేడా. దానికి నలుగురి ముందూ నన్ను 'అచ్చుతప్పుల తమ్ముడు' అంటుందా? మాటల్లేక రెండేళ్ళయింది. ముందు ఆవిడే పలకరించాలి. మొండి అక్కయ్య!

---

మావయ్యా,

నన్ను తిట్టకు. నీ కాగితాన్ని ఫొటో తీసి కంప్యూటర్‌కి ఇచ్చాను. అది నీ తాజా కలాన్ని కూడా జాబితాలో కలిపేసుకుంది. మొదటి చీటీలోనే 'మొండి అక్కయ్య' వచ్చింది.

మా మేనేజర్ మురిసిపోయి, 'మొండి అక్కయ్య, నాలుగో వర్షన్' అని కప్పుల మీద అచ్చు వేయించాడు. బుద్ధి తక్కువై ఒకటి ఇంటికి తెచ్చాను. అమ్మ చూసి, "ఈ మాట నన్ను అనగలిగినవాడు ఒక్కడే" అంది. ఆ తర్వాత రెండు రోజులు నాతోనూ మాటల్లేవు.

నీ దోషి

తా.క.: కళ్ళజోడు పెట్టుకుని కప్పంతా తిప్పి అచ్చుతప్పులు వెతికింది. ఒక్కటీ దొరక్కపోయేసరికి కోపం రెట్టింపైంది.

---

కోడలా,

కొంప ముంచావు! అన్ని మాటల్లో ఆ రెండే ఎలా దొరికాయి? అది చీటీ తీయడం కాదు, నా మీద కక్ష. ఆ పేరు వెంటనే మార్పించు. 'కొంటె ఉడుత' అను, దానికేం లోటు?

ఇక ఆవిడ నాతో ఈ జన్మకి మాట్లాడదు. చిన్నప్పుడు నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది మీ అమ్మే, పిల్లా. అది మర్చిపోయాననుకుంటోందేమో. మర్చిపోలేదు. ఆ మాట చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదు.

మావయ్య

తా.క.: ఆ కప్పు పెద్దదేనా? ఆవిడకి కాఫీ నిండుగా ఉండాలి.

---

మావయ్యా,

పేరు మారదు. కానీ నిన్న ఏమైందో విను. ఇంట్లోవాళ్ళకి ఆఫీసు చూపించే రోజని అమ్మని తీసుకెళ్ళాను. తర్వాతి వర్షన్‌కి చీటీ తీసే గౌరవం ఆవిడకే ఇచ్చారు. బటన్ నొక్కితే 'మెత్తని తాబేలు' వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ మళ్ళీ నొక్కింది. "ఒక్కసారే నొక్కాలండీ" అని మేనేజర్ అంటే, "నువ్వు కాస్త ఊరుకో నాయనా" అంది. పది, ఇరవై, ముప్పై. గొడుగులూ ఉడుతలూ వరసకట్టాయి. మేనేజర్ కుర్చీ తెచ్చి వేశాడు. నలభై ఒకటోసారి 'తడిసిన తమ్ముడు' వచ్చింది.

"ఇదీ పేరంటే" అని అమ్మ చెయ్యి తీసింది. "వెధవ, గొడుగు ఎప్పుడూ మర్చిపోతాడు" అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నీ ఉత్తరాలన్నీ చూపించేశాను మావయ్యా, ఇక దాచడం నావల్ల కాలేదు. అక్షరాలు దిద్దించిన ముక్కని వేలు పెట్టి మళ్ళీ చదివింది.

నీ కోడలు

తా.క.: ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. నీ చేతికిచ్చినావిడ ఇంకా మెట్ల మీదే నిలబడి ఉంటుంది. నువ్వు పిలిస్తేగానీ లోపలికి రాదట. చదివింది చాలు, వెళ్ళి పిలువు.