గంటసేపు మోగించి కొన్న పెట్టె

పిల్ల అమ్మమ్మకు,

ఇక్కడ అందరం కులాసా. నువ్వు బెంగపెట్టుకోకు, మనవరాలి గిటారుకు యాంప్లిఫయరు కొనేశాం. పోయినసారి హాల్లో పాట మధ్యలో పాత పెట్టె మూగబోయి పిల్ల ఏడ్చింది కదా, అందుకని ఈసారి నేనూ కొట్టుకు వెళ్ళాను.

పిల్ల తనకు పెద్ద మోతదే కావాలంది. కొట్టాయన చూపించిన ఇంకొకటి పాత రేడియోల్లోలా గాజు ట్యూబులది, స్విచ్చి వేసినా వెంటనే పలకలేదు. "వేడెక్కాలండీ" అన్నాడు కొట్టాయన. "అచ్చం మా తాతయ్యే, ట్యూబులైటు!" అంది పిల్ల. పలికాక తియ్యగా ఉంది గానీ బస్సు కుదుపులకు తట్టుకోదట. నేను నోరు తెరిచి, పెద్దదాన్నీ మూలనున్న చిన్నదాన్నీ గంటసేపు ఆపకుండా మోగించమన్నాను, మిల్లులో పనిచేసేటప్పుడు మోటార్లను పరీక్షించినట్టే. పెద్దది బాగా కాగి ఆగిపోయింది. చిన్నది గోరువెచ్చగా, మెత్తగా పలుకుతూనే ఉంది. "ఇదే తీసుకో" అన్నాను. "వెలిగింది తాతయ్యకి!" అని పిల్ల నా మెడ వాటేసుకుంది.

కొళాయి కారడం ఆగిందా? నా శాలువా పంపకు, నువ్వే తీసుకురా. పక్కింటి వాళ్ళను అడిగానని చెప్పు. శనివారం సాయంత్రం అదే హాల్లో పిల్ల వాయిస్తుంది. ముందు వరుస నాకు మొహమాటం, వెనకాలే రెండు కుర్చీలు చెప్పి ఉంచాను. అక్కడికీ బాగా వినపడుతుంది, నిన్న పిల్ల అక్కడ వాయించి చూస్తుంటే కూర్చుని చూసుకున్నాను.