గుప్పిట్లో పెట్టి ఇవ్వాల్సిన తాళంచెవి

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నేను, మీ బావ, మన కొట్టు ముగ్గురం క్షేమంగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని మాత్రం అడగను. పొద్దున లేచింది మొదలు నువ్వేం తిన్నావో, ఏ చొక్కా వేశావో, ఆ చొక్కాలో ఎటు తిరిగి నవ్వావో లోకంతో పాటు నాకూ తెలుస్తూనే ఉంది. మరదలిని అడిగానని చెప్పు, పాపకి ముద్దులు. ఈ ఉత్తరం మొదటినుంచి వరసగా చదువు. ఏ కాగితం చేతికిచ్చినా ముందు చివరి పేజీ తిప్పడం నీకు చిన్నప్పటి జబ్బు. ఈసారికి ఆ జబ్బు మానుకో, నీకే మంచిది.

ఫోన్లో రాస్తే నేను చదవనని ఉత్తరమే రాశావు, సంతోషం. అందులో "అక్కా, ఎలా ఉన్నావు" అన్నది ఒక్క ముక్క. తక్కినదంతా మన కొట్టు పేజీ గోల. అడిగావు కాబట్టి జవాబు చెప్తాను.

ఫాలోవర్లు ఇంతమంది పెరిగితే నీకు ఆనందంగా లేదా అన్నావు. ఎందుకుండాలిరా? వాళ్లలో సగం మంది ఏ ఊళ్లో ఉన్నారో వాళ్ల దేవుడికే తెలియాలి. వాళ్ల తలుపు బిగుసుకుపోతే నేను పడవెక్కి వెళ్లి తీయాలా? మనది తాళాల కొట్టు. నాలుగు వీధుల్లో ఎవరి తాళంచెవైనా విరిగితే వాళ్లకి మనం గుర్తు రావాలి, అంతే. ఇల్లు అలకగానే పండగ కాదు, లైకు కొట్టినవాడల్లా బేరం కాదు.

నవ్వే మొహం లేనిదే ఎవరూ ఆగి చూడరని రాశావు. పోయినసారి వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి తీశావే ఆ రీల్, అందులో నా మొహానికి ఏం పూశావో గానీ సున్నం కొట్టిన గోడలా ఉన్నాను. పక్క కొట్టు దర్జీ అది చూసి, "ఈవిడెవరో అచ్చం మీ పోలికేనండీ" అన్నాడు. ఆకురాయి పట్టుకుని పనిచేసుకునే మనిషి వెనక ఆ డప్పులేమిటి? కింద చీమల బారులా ఆ హ్యాష్‌ట్యాగులేమిటి? తాళంతో ప్రేమ అట. ఇన్నేళ్లలో తాళాన్ని ప్రేమించినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు నేను. మన కొట్టుకి వచ్చేవాడెవడైనా దాన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూనే వస్తాడు.

అలాగని పేజీ దండగ అనను. ఉన్నమాట చెప్పుకోవాలి. పోయినేడు ఈ రోజుల్లో నేనూ మీ బావా ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తినడానికి కొట్టు షట్టరు సగం దించాల్సి వస్తోంది. అయితే వాళ్లని తెచ్చింది నీ డప్పులు కాదు. తుప్పు పట్టిన ఇనప్పెట్టె తాళం తీస్తుంటే నా చేతులు మాత్రం కనపడేలా మీ బావ ఒక వీడియో తీశాడు చూడు, పాటా పద్యం లేకుండా, ఆకురాయి చప్పుడుతో, అది తెచ్చింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు "ఆ పెట్టె తీసింది మీరేనా" అని అడుగుతున్నారు. నేను పోరగా పోరగా కొట్టు వేళలు పేజీలో పైన రాశావు, అది తెచ్చింది. ఫోన్ చేసినవాళ్లకి మీ బావ ఆ పూటే పలుకుతాడు, అది తెచ్చింది. పని చూపించు, ఎప్పుడుంటావో చెప్పు, పిలిస్తే పలుకు. ఇంతకంటే వ్యాపారానికి ఏం కావాలి? దీనికే నువ్వు స్ట్రాటజీ అని పేరుపెట్టి, తిరిగి నాకే పాఠం చెప్తావు.

ఇక నీ అసలు ప్రశ్న. కస్టమర్ల ఫోటోలు తీసేయమని ఎందుకు పోరుతున్నావు, అవే మన పేజీకి ప్రాణం కదా అన్నావు.

ఆ ఫోటోలు ఎలా మొదలయ్యాయో గుర్తు చేస్తాను. కొత్త తాళం వేయించుకున్న ప్రతివాళ్లనీ వాళ్ల గుమ్మంలో నిలబెట్టి, తాళంచెవి చెంప పక్కన పట్టించి ఫోటో తీసి పంపమన్నావు. "కొత్త తాళం, కొత్త జీవితం" అని రాసి పెట్టావు. మీ బావ తీశాడు, నువ్వు పెట్టావు, నేనూ నోరు మూసుకుని ఊరుకున్నాను. మనుషుల పళ్లూ తాళంచెవి పళ్లూ ఒకేసారి బయటపెట్టి జనం తెగ నవ్వారు. నాన్న తాళంచెవి ఎలా ఇచ్చేవాడో మర్చిపోయావా? గుప్పిట్లో పెట్టి, ఎదుటివాళ్ల గుప్పిట్లోకి జార్చేవాడు. పక్కన ఎవరున్నా సరే, నువ్వున్నా నేనున్నా సరే. దాని గాట్లు చూసినవాడి దగ్గర ఆ తాళంచెవి ఉన్నట్టే లెక్క అనేవాడు. పక్కపక్కన కూర్చునే విన్నాం ఇద్దరం.

ఒక మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ తాళంచెవి పోయిందండీ. ఇలాంటిదే ఇంకోటి చేసిపెట్టాలి."

చూస్తే మన పేజీయే. అందులో ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఫోటో. ఆవిడ గురించి నీకు తెలియదు, ఆవిడ నీకొక పోస్టు. చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని ఈ మధ్యే మన వెనక వీధిలో అద్దెకి దిగింది. దిగిన రోజే తాళం మార్పించుకుంది.

"ఈవిడ మీకేమవుతారు?" అన్నాను.

"మా ఇంటావిడేనండీ."

"అయితే ఆవిణ్ణే రమ్మనండి. తాళం నేనే వేశాను, ఇంకో చెవి కావాలంటే ఆవిడ చేతికే ఇస్తాను."

అతను రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసి నా ముందుకి జరిపాడు. "గాట్లన్నీ స్పష్టంగా ఉన్నాయి కదండీ. మీరు కాకపోతే ఇంకొకరు చేస్తారు." నవ్వుతూనే లేచి వెళ్లిపోయాడు.

కొట్టు మీ బావకి వదిలేసి, ఒక కొత్త తాళం సంచిలో వేసుకుని నర్సమ్మ ఇంటికి పరిగెత్తాను. జరిగింది దాచకుండా చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కూతుర్ని లోపలి గదిలోకి పంపి, గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఆయన దగ్గరనుంచి పారిపోయే కదండీ ఇక్కడికొచ్చాను. భయం లేకుండా పడుకుందామనే మీ చేత తాళం వేయించుకున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. పాత తాళం ఊడదీసి కొత్తది బిగించి, తాళంచెవి గుప్పిట్లో పెట్టి ఇచ్చాను. ఆవిడ తీసుకుంది గానీ నా మొహం చూడలేదు. నాన్న పెట్టిన కొట్టుకి ఇలాంటి రోజు వస్తుందని నేననుకోలేదు.

ఆ సాయంత్రమే నీకు అంతా రాశాను, ఫోటోలన్నీ తీసెయ్యమని. పేజీ తాళం, అదే పాస్‌వర్డ్, నీ దగ్గరే ఉంది మరి. నువ్వేం రాశావు? నిమ్మకి నీరెత్తినట్టు, "అక్కా, ఆ నర్సు ఫోటో తీసేశాను. ఫోటో చూసి తాళంచెవి చేయడం సినిమాల్లో మాట. తక్కినవి ఉండనీ, ఇప్పుడు తీస్తే రీచ్ పడిపోతుంది" అని రాశావు. రీచ్ పడిపోతుందట. తక్కినవాళ్లవి ఇళ్లు కావా? వాళ్లకి ఆడపిల్లలు లేరా, ముసలివాళ్లు లేరా? దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు అని జనం మాటవరసకి అంటారు. మన కొట్టు పాట పెట్టి మరీ ఇస్తోంది. నాకు తెలిసిన ఇళ్లన్నిటికీ తిరిగి తాళాలు మార్చి వస్తున్నాను. ఇల్లు మారినవాళ్లు, ఫోన్ నంబరు మారినవాళ్లు ఉన్నారు, వాళ్లని ఎక్కడని వెతకను? ఇంకోసారి రాశాను. రీచ్. మీ బావ చేత ఫోన్ చేయించాను. మళ్లీ రీచ్. నాన్న దగ్గర ఆకురాయి పట్టడం నేర్చుకున్నవాడివి, ఆ వేళ్లతో ఇప్పుడు లైకులు లెక్కపెట్టుకుంటున్నావు. నిన్ను చూస్తే నాకు కోపం కూడా రావడం మానేసిందిరా, చీదర పుడుతోంది.

ఇక ఇంతసేపూ దాచిన మాట.

నువ్వు కొత్తింట్లోకి మారిన రోజు గుమ్మంలో నిలబడి, తాళంచెవి రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఫోటో పెట్టావు. వెనక ఆ భవనం పేరు, పక్కన ఇంటి నంబరు, అన్నీ పడ్డాయి. సినిమాల్లో మాట అని కొట్టిపారేసినవాడి ఇల్లే చూద్దామని ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. ఒక తాళంచెవి చేశాను. తరువాత నువ్వే సంచులతో సహా ఫోటో పెట్టి, వారం రోజులు సముద్రం ఒడ్డున ఉంటున్నామని లోకానికి దండోరా వేశావు. ఇల్లు ఖాళీగా ఉంది, తొందరేం లేదు, నెమ్మదిగా రండి అన్నట్టు.

నేను వచ్చాను. బస్సు దిగి నేరుగా నీ గుమ్మం ముందుకే. తాళంచెవి సగం తిరిగి ఆగింది. మెట్ల మీద కూర్చుని ఆకురాయితో కాస్త గీశాను. ఎదురింటావిడ తలుపు తీసి చూసింది. ఎవరమ్మా నువ్వని అడుగుతుందనుకున్నాను. "పాపం, తాళం పట్టలేదా" అని నా సంచి పట్టుకుంది. రెండోసారి నూనె పోసినట్టు తిరిగింది.

ఈ ఉత్తరం నీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

నిన్ను వెక్కిరిద్దామనే వచ్చాను. లోపలికి అడుగుపెట్టి, హాల్లో పాప చెప్పులు, పాప గీసిన బొమ్మలు చూసేసరికి ఆ వెక్కిరింత అక్కడే చచ్చింది. నేను కాబట్టి మంచినీళ్లు తాగి, నువ్వు ఆపకుండా వెళ్లిన ఫ్యాను ఆపి కూర్చున్నాను. ఆ ఇస్త్రీ చొక్కా లాంటివాడు నువ్వున్నప్పుడే వస్తే? మరదలు ఒంటరిగా ఉన్నప్పుడు వస్తే? నిన్ను ఎంత తిట్టుకున్నా నా తమ్ముడివి నువ్వు. చాలాసేపు ఏడ్చాను. అది కూడా నీ పేజీలో పెట్టుకో.

తరువాత లేచి చేయాల్సిన పని చేశాను. లోకమంతా చూసిన తాళం నీ తలుపుకి ఉండకూడదు కాబట్టి దాన్ని ఊడదీసి కొత్తది బిగించాను. ఊళ్లోకెల్లా గట్టిది. నీ జేబులో ఉన్న తాళంచెవి ఇక దేనికీ పనికిరాదు, ఊరికే తిప్పి తలుపు పాడుచేయకు. ఇంతసేపూ గుమ్మం బయట సంచులు పెట్టుకుని, తలుపుకి అంటించిన ఈ ఉత్తరం నిలబడే చదివావు కదా. కాళ్లు పీకుతుంటాయి. పీకనీ.

మరదల్నీ పాపనీ ఎదురింట్లోకి పంపించు, ఆవిడకి అంతా చెప్పాను, ఎదురుచూస్తుంటుంది. కొత్త తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. ఆవిడ ఒకప్పుడు బడిలో లెక్కల టీచరట, నా సంచి పట్టుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతోంది, నీ మీద నాకంటే మండిపడుతోంది. ముందు మన పేజీలోంచి తాళంచెవి కనపడే ఫోటోలన్నీ తీసెయ్. నీ ఇంటి ఫోటో కూడా. తీసి ఫోన్ ఆవిడకి చూపించు. ఆవిడ మొదటినుంచి చివరిదాకా చూస్తుంది. ఒక్కటి మిగిలినా మళ్లీ బయటికి పంపమని చెప్పాను.

ఇట్లు,
నిన్ను నీ గడప బయటే నిలబెట్టిన,
మీ అక్క