వీరప్ప మార్కుల్లో తరుగు

మాటమెరుగు యాప్ ఆఫీసు వారికి,

బీదర్ గాంధీ గంజ్‌లో కందులు కొనే వీరప్ప నమస్కారాలు. మీ యాప్‌తో ఇంగ్లిష్ ఉచ్చారణ దిద్దుకుంటున్నాను. వచ్చే వారం దుబాయి వ్యాపారులు మా గంజ్‌కు వస్తున్నారు. మీ పరీక్షలో ఎనభై దాటినవాడే వాళ్లతో మాట్లాడాలని మా సంఘం తీర్మానించింది. ఎదురు దుకాణం శ్రీశైల్‌కు మీ సర్టిఫికెట్ వచ్చేసింది. అతను ఇంగ్లిష్ మాట్లాడితే నాకు దగ్గు వస్తుంది. నాకు మాత్రం మీరు పంపిన కాగితంలో నలభై రెండు! ఆర్డరు అతనికి పోతే గంజ్‌లో నేను తలెత్తుకోలేను. సరిచూడండి.

ఇట్లు,
వీరప్ప

తా.క.: కందిపప్పు ఒక సంచి పంపాను. దానికీ మార్కులకూ ఏ సంబంధం లేదు.

~

గౌరవనీయులైన వీరప్ప గారికి,

మీ గొంతు మళ్లీ విన్నాం. వెనక హమాలీల కేకలున్నాయి, చప్పుడు తరుగు తీశాం. నోట్లో పాన్ ఉంది, తడి తరుగు తీశాం. కొన్ని మాటలు చాలా బాగున్నాయి, వాటిని శాంపిల్ కింద ఉంచుకున్నాం. అవి లెక్కలోకి రావు. ఇప్పుడు ముప్పై ఎనిమిది వచ్చింది. అభినందనలు.

విధేయురాలు,
లీయా
సర్టిఫికెట్ల విభాగం, హైదరాబాద్

తా.క.: పప్పు వండుకున్నాం. పంటి కింద రాళ్లు చాలా స్పష్టంగా పలికాయి.

~

లీయా మేడమ్‌కు,

సరిచూడమంటే ఉన్నది కూడా కోస్తారా? నోట్లో తడి లేకుండా మనిషన్నవాడు మాట్లాడతాడా? మంచి మాటలన్నీ మీరుంచుకుని, మిగిలినవాటికి మార్కులేస్తారా? పట్టపగలు ఇంత దోపిడీ నేనెక్కడా చూడలేదు!

సరే, గొడవెందుకు. మీరు ముప్పై ఎనిమిది అన్నారు, నేను తొంభై అంటాను. ఎనభై రెండు దగ్గర తెంపుదాం. నిన్న ఫోన్‌తో కూడా బేరమాడాను. "ఆఖరి మాట చెప్పు తల్లీ, నీకూ నష్టమొద్దు, నాకూ నష్టమొద్దు" అన్నాను. "ట్రై అగైన్" అంది. గట్టి బేరగత్తె.

కడుపు మండిన
వీరప్ప

తా.క.: రాళ్ల సంగతి నాకు తెలియదు. రైతులు అట్లా తెస్తారు.

~

వీరప్ప సావుకార్ గారికి,

మన్నళ్ళి ఊరి రైతు బర్నబా కూతురు లీయా వందనాలు. మా నాన్న ఏటా కందులు మీ దుకాణానికే తెస్తాడు. మీరు దుమ్ముకని, తడికని తరుగు తీసి, శాంపిలంటూ దోసెడు దోసెడు పక్కన పెట్టుకుంటారు. పోయినేడు ఆయన "గింజల ఆ మాత్రం తడి లేకుంట ఎట్లుంటది సావుకార్?" అని అడిగితే, "రూల్ అట్లుంది బర్నబా. ఇష్టముంటే ఎయ్యి, లేకుంటే ఎత్తుకపో" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడొచ్చిన కోపం ఇంకా పోలేదు.

యాప్ మీకు మొదటి రోజే ఎనభై నాలుగు ఇచ్చింది. తరుగంతా నాదే. రూల్ మాత్రం మీది.

అసలు సర్టిఫికెట్ మా నాన్న చేతికిచ్చాను. సోమవారం కందులు తెస్తున్నాడు. పూర్తిగా తూస్తే పూర్తి మార్కులు అక్కడికక్కడే మీ చేతిలో పెడతాడు. ఇష్టముంటే తూయండి, లేకుంటే ఎదురుగా శ్రీశైల్ గారి దుకాణం ఉంది.

మీ శిష్యురాలు,
లీయా

తా.క.: మీ పప్పులోని రాళ్లు కూడా మూట కట్టి, మీకు తిరిగివ్వమని నాన్నకిచ్చాను. కాటా ఆయనే తెచ్చుకుంటున్నాడు.