ఇంతిసార్ గిన్నె

తమ్ముడు వాసిఫ్‌కు,

కాల్పులు ఆపమంటూ ప్రపంచ సభలో మళ్లీ ఎన్నో దేశాలు ఓటుకు చేతులెత్తాయని సంబరంగా రాశావు. శాంటియాగోలో మీ ఊరేగింపులో చదవడానికి గాజా నుంచి ఓ మాట కావాలన్నావు. ఇదిగో, చదువు.

మొన్న పక్క గుడారంలో ఉండే ఇంతిసార్ గిన్నెడు పప్పుచారు తెచ్చిచ్చింది. "గిన్నె ఖాళీగా తెచ్చావో, నీ మొహం చూడనక్కా!" అని నవ్వింది. ఇక్కడ ఎవరి గిన్నె ఖాళీగా తిరిగెళ్లింది గనుక? ఎక్కడెక్కడో తిరిగి నాలుగు ఖర్జూరాలు సంపాదించి, అందులో వేసుకుని వెళ్లాను. గుడారం ఉన్నచోట బాంబు గుంట ఉంది. ఇంతిసార్ లేదు, పిల్లలూ లేరు.

కడుపు మాడుతున్నా మేం ఖాళీ గిన్నె పంపం. ఆ చేతులెత్తే పెద్దమనుషులు మాకెన్ని ఖాళీ గిన్నెలు పంపారో!

నన్ను ఓదార్చకు. ఖర్జూరాలు ఇంకా గిన్నెలోనే ఉన్నాయి. ఎవరికివ్వాలో ఆ పెద్దమనుషులనే అడిగి చెప్పు.

అక్క