శివప్పకు పడిన స్టార్లు

నౌబాద్, బీదర్
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

సుగుణ నమస్కారం. నేనిక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు, మీ అత్తమ్మ అందరూ బాగున్నారని తలుస్తున్నాను. అత్తమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారి ఫోన్ చేసినప్పుడు ముందు అదే చెప్పు. ఊరి సంగతులన్నీ చెప్పి ఆ ఒక్కటీ మరిచిపోతావు.

ఫోన్లో చెప్పిన మాటను సంఘంలో మళ్ళీ చెబితే ఎవరూ లెక్కచేయరు, కాగితం మీద రాసి పంపు, చదివి వినిపిస్తానన్నావు. మీ పాల కేంద్రానికి కొత్త యాప్ తీసుకోవాలా వద్దా అన్నదానికి నా జవాబు చివర రాశాను. ముందు ఇక్కడి సంగతులు చెప్పాలి, ఎందుకంటే ఆ జవాబు వాటిలోంచే వచ్చింది.

శివరాత్రితో చలి పోయింది. గాలి మాత్రం ఆగదు, తలుపు తీస్తే ఎర్రదుమ్ము ఇంట్లోకి వస్తుంది. పొద్దున పూట ట్రైనింగ్ విమానాలు మా ఇళ్ళ మీదుగానే పోతాయి. అవి వచ్చినప్పుడు ఇక్కడివాళ్ళు మాట మధ్యలో ఆగి, అవి పోయాక అదే మాట నుంచి అందుకుంటారు. నాకూ ఆ అలవాటు వచ్చింది. తిండికి ఇబ్బంది లేదు, బెంగ పెట్టుకోకు. మా గల్లీ చివర నాగమ్మ అనే ఆవిడ ఇంట్లోనే జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. ధన్నూర నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. మొదట్లో ఆఫీసు నుంచి వచ్చాక మాట్లాడే మనిషి లేక కష్టంగా ఉండేది. ఇప్పుడు రొట్టెలు తెచ్చుకోవడానికని వెళ్ళి ఆమె పొయ్యి దగ్గరే కూర్చుంటున్నాను. అన్నం తగ్గింది, ఒళ్ళు తగ్గలేదు.

పేపర్లో మా జిల్లా పేజీ మూతపడ్డాక ఈ వార్తల వెబ్‌సైట్‌లో చేరానని నీకు తెలుసు. సరిహద్దు ఊళ్ళ తెలుగువాళ్ళ కోసం నడుపుతున్నారు. ఆఫీసంటే బైకు మెకానిక్ షాపు మీద రెండు గదులు. పేపర్లో ఉన్నప్పుడు వార్త టైపు చేసి పంపితే నా పని అయిపోయేది. ఇక్కడ ఫొటోలు చిన్నవి చేయడం, పేజీ ఎక్కించడం, తప్పు పడితే దించడం అన్నీ మేమే చేసుకోవాలి. నాజియా అనే అమ్మాయి ఈ పనులన్నీ మౌస్ ముట్టకుండా నల్ల తెర మీద మాటలు టైపు చేసి చేస్తుంది. కమాండ్ లైన్ అంటారు దాన్ని. నేను ఒక్కో ఫొటో తెరిచి, చిన్నది చేసి, దాచేలోపు ఆమె ఒక్క వరుస కొట్టి ఫొటోలన్నీ ముగించి చాయ్ తాగడానికి కిందికి పోతుంది. నాకూ నేర్పుతోంది. మొదటి రోజు నా చేతులు ఆగిపోతే, "భయపడకక్కా, మనం చెప్పంది ఇది చెయ్యదు" అంది. చెప్పింది మాత్రం, తప్పయినా సరే, మారు మాట్లాడకుండా చేస్తుందని తర్వాత తెలిసింది. ఒక పూటంతా కూర్చుని రాసిన వార్తను నేనే చేతులారా తుడిచేశాను.

ఆ నల్ల తెర మీద నా ఫిర్యాదు ఒకటే. దానికి తెలుగు సరిగా రాదు. అక్షరం ఒకచోట, ఒత్తు ఒకచోట పడతాయి. అందుకని ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషులో పెట్టుకుంటాం. మాట తప్పుగా టైపు చేస్తే మాత్రం ఎక్కడ తప్పిందో చెప్పి ఆగిపోతుంది. ఫోన్లోని యాప్‌లతో నాకు పడదు. నిన్న కింద ఉన్న బటన్ ఇవాళ పైన ఉంటుంది. ప్రతిదానికీ ఓటీపీ. పని అయ్యాక ఎలా ఉందో చెప్పమని స్టార్లు ముందు పెడతాయి. నేను ఆ పెట్టెను చదవకుండానే మూసేస్తాను. మా గల్లీలో అలా మూసేయని వాళ్ళ వల్ల ఒక మనిషి పని పోయేదాకా వచ్చింది.

మాకు నీళ్ళు నాలుగైదు రోజులకోసారి వస్తాయి. గల్లీ మొదట్లో వాల్వు ఉంటుంది. శివప్ప అనే అతను వచ్చి పొడుగాటి ఇనుప తాళంచెవితో దాన్ని తిప్పి వదులుతాడు. హుమ్నాబాద్‌లో లారీలకు ఎత్తుడు పని చేసి నడుం దెబ్బతిని ఈ పనిలోకి వచ్చినవాడు. చాలాకాలంగా ఈ గల్లీలన్నీ అతనివే. ఈమధ్య నీళ్ళ పని తీసుకున్న కాంట్రాక్టరు ముందుగా మా గల్లీలో, రోడ్డు వైపు ఇళ్ళలో అందరి ఫోన్లలో ఒక యాప్ వేయించాడు. నీళ్ళు వదలగానే ఫోన్ మోగుతుంది, కింద ఐదు స్టార్లు కనబడతాయి. బిందెలు పట్టుకుని వాకిట్లో కాచుకోవాల్సిన పని తప్పింది కాబట్టి యాప్ మంచిదే అనుకున్నాం.

పోయిన నెల ఒకరోజు శివప్ప వాల్వు తిప్పి, వెళ్ళకుండా అరుగు మీద కూర్చున్నాడు. ఏమైందని అడిగాను.

"నెలాఖరు దాకనేనంటక్కా. తర్వాత వేరేటోడు వస్తడు."

"ఎందుకు?"

"స్టార్లు తక్కువ పడ్డయంట. మళ్ళ మూటలు ఎత్తనీకి పోవాలె. నడుం ఏమంటదో సూడాలె."

అన్నం దగ్గర పప్పు తక్కువ పడిందన్నంత మామూలుగా చెప్పాడు. సగటున మూడు స్టార్లు రాకపోతే మనిషిని మార్చాలన్నది కాంట్రాక్టరు పెట్టిన నియమం. శివప్పకు ఒకటి దాటలేదు.

గల్లీ చివరి ఇళ్ళకు ధార సన్నగా వస్తుంది. ఆ కోపం ఎవరో ఇతని మీద చూపించారని నేననుకున్నాను. అనుకోవడం వేరు, అడిగి తెలుసుకోవడం వేరు కదా. చివరి ఇల్లు నాగమ్మది కాబట్టి అక్కడే మొదలుపెట్టాను. ఎన్ని స్టార్లు నొక్కుతావని అడిగితే ఆమె పిండి చేతులతోనే వేలు చూపించింది.

"ఒకటి."

"ఒకటే ఎందుకు?"

"ఒక్కసారే ఇడిసిండు గద నీళ్ళు. ఒకసారికి ఒకటి. అయిదుసార్లు ఇడిస్తే అయిదు నొక్కుదును."

నీళ్ళు ముట్టినట్టు చెప్పడానికి ఆ స్టార్లు పెట్టారని ఆమె అనుకుంది. రొట్టెలు తీసుకెళ్ళిన వాళ్ళకు గోడ మీద బొగ్గుతో గీత గీసినట్టు. ఇంకో సంగతి, గల్లీలో మిగతా ఆడవాళ్ళందరికీ ఆ యాప్ నేర్పింది నాగమ్మే. ఇంటింటికీ వెళ్ళి అడిగాను. అందరూ అదే చెప్పారు. వెంటనే నొక్కడం మర్చిపోతే, శివప్ప పాపం మాటపడతాడని ఆ పూటలోపైనా నొక్కేవాళ్ళట. రోడ్డు వైపు ఇళ్ళవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, నాలాగే పెట్టె మూసేస్తారు. కాబట్టి సగటంతా ఈ ఒక్క గల్లీ నుంచే వచ్చింది. యాప్ తెరిచి చూశాను. ఐదు నొక్కితే మంచిదని ఎక్కడా రాసి లేదు. ఉన్న రెండు మాటలూ కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. నాగమ్మకు రెండూ చదవడం రాదు.

ఇది మాటగా చెబితే కాంట్రాక్టరు ఆఫీసులో వినరని నాకు తెలుసు. నాజియాకు చెప్పాను. స్టార్ల వివరాలు ఆ యాప్ వాళ్ళ పేజీలో అందరికీ కనబడేలాగే ఉన్నాయి. ఆమె నల్ల తెర మీద రెండు వరుసలు కొట్టి, ఆ వివరాలన్నీ దించి, నీళ్ళు వదిలిన వేళల పక్కన పేర్చింది. ప్రతి ఒంటి స్టారూ నీళ్ళు వచ్చిన పూటే పడింది. మధ్యలో పైపు పగిలి వారమంతా నీళ్ళు రాలేదు. తిట్టదలుచుకున్నవాళ్ళు ఆ వారం తిట్టాలి. ఆ వారం ఒక్క స్టారు కూడా లేదు. నాజియా దాన్ని కాగితం మీద అచ్చు తీసి ఇచ్చింది.

మరునాడు నేనూ నాగమ్మా కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్ళాం. సూపర్‌వైజర్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఇది సిస్టమ్ ఇచ్చిన లెక్క, తన చేతిలో లేదన్నాడు. ఆపైన తనకు తోచిన ఉపాయం చెప్పాడు. రేపటి నుంచి గల్లీవాళ్ళంతా ఐదు నొక్కితే నెలాఖరుకు సగటు పెరుగుతుంది, పని నిలబడుతుందని. నాకు అది సులువుగానే అనిపించింది. నాగమ్మ ఒప్పుకోలేదు.

"ఒక్కసారి వస్తే అయిదని ఎట్ల చెప్త సారూ? మిగిలిన నాలుగు రాని నీళ్ళు గద."

ఐదంటే బాగా చేశాడని అర్థమని నేను మళ్ళీ చెప్పాను. ఆమె నా వైపు చూడనే లేదు, అతన్నే చూస్తూ అంది.

"మంచిగ చేసిండని నోటితోని చెప్తున్న గద. నీ ముందర నిలబడి చెప్తున్న. రాసుకో."

రాసుకోవడానికి యాప్‌లో చోటు లేదన్నాడు. అప్పుడు నేను కాగితం ముందు పెట్టి, నీళ్ళు రాని వారం మీద వేలు పెట్టి చూపించాను. అతను ఆ కాగితాన్ని పైనుంచి కిందికి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఫోన్ తీసి ఎవరితోనో కన్నడంలో మాట్లాడాడు. పెట్టేశాక, శివప్పను మార్చడం లేదని, స్టార్ల బదులు నీళ్ళు వచ్చాయా లేదా అని మాత్రమే అడిగేలా చేయమని పైవాళ్ళకు చెబుతానని అన్నాడు. బరువు దిగినట్టుంది, నవ్వుతూ నాగమ్మను అడిగాడు, మరి నాకెన్ని స్టార్లిస్తవమ్మా అని.

"నీకియ్యనీకి ఒక్కటి గూడ లేదు నాతాన. ఒక్కసారన్న మా గల్లీకి వచ్చినవా?"

వెనక బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు తలలు దించుకుని నవ్వారు. అతనూ నవ్వాడు కానీ, ఆ వారం నీళ్ళు వదిలిన రోజు నిజంగానే వచ్చాడు. రోడ్డు వైపు ఇళ్ళవాళ్ళు పైపుకు మోటర్లు పెట్టి లాగుతున్నది చూసి వెళ్ళాడు. మోటర్లు తీయిస్తాడో లేదో ఇంకా తెలియదు. తెలిస్తే వార్త రాస్తాను.

మీ పాల కేంద్రం సంగతి. పాలు కొలిచే లక్ష్మికి సభ్యులు స్టార్లు ఇచ్చే ఏర్పాటు ఉందని ఫోన్లో చెప్పావు. లెక్కలకు యాప్ తీసుకోండి, తప్పులేదు. ఆ స్టార్లు మాత్రం తీసేయించండి. తీయడం కుదరదంటే, సంఘంలో అందరికన్నా పెద్దావిడ పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా, ఆమె ఏం నొక్కుతుందో చూడు. ఎందుకు నొక్కావని అడుగు. ఆ తర్వాతే డబ్బు కట్టండి. లక్ష్మికి ఇంకో పని దొరకడం సులువు కాదని నీకు నాకన్నా బాగా తెలుసు.

వచ్చేటప్పుడు పచ్చడి సీసాలు ఖాళీవి తెస్తాను, చింతకాయ తొక్కు కొంచెం తీసిపెట్టు. నాగమ్మకూ రుచి చూపిస్తానని మాటిచ్చాను. బావకు నమస్కారాలు. అత్తమ్మ పాదాలకు నా దండాలు చెప్పి, ఈ దూరాన ఉన్నదాన్ని దీవించమని నా తరఫున అడుగు. పిల్లలకు ముద్దులు.

ఒకటి రాయడం మర్చిపోయాను. పని నిలబడిందని చెప్పిన రోజు శివప్పకు ఆ కాగితం కూడా చూపించి, అందరూ ఒకటే ఎందుకు నొక్కారో చెప్పాను. అతనికి చదువు అంతంతమాత్రం, అంకెలు వస్తాయి. వరుసగా ఉన్న ఒకట్లను చాలాసేపు చూశాడు. "అంటే ఇన్నాళ్ళు గల్లీ మొత్తం నన్ను మెచ్చుకుంటున్నట్టే గదక్కా" అన్నాడు. అవునన్నాను. ఇంట్లో చూపిస్తానని కాగితం అడిగి, మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

నీ చెల్లెలు,
సుగుణ