బట్టలున్న చోట మనుషులున్నట్టే

ఇళ్ల మార్కెట్ ఉద్ధరణ కార్యాలయం వారికి,

అయ్యా (అమ్మ అయితే అమ్మా),

చాలా ఏళ్ల కిందట ఒక మనిషి నాకు మాటిచ్చాడు. "ఈ ఫ్లాటు నువ్వు తీసుకో, పక్కది నేను తీసుకుంటా. మధ్య గోడకి తలుపు పెట్టించుకుందాం" అన్నాడు. నేను తీసుకున్నాను. అతను తీసుకోలేదు. అతనే కాదు, ఇంకెవరూ తీసుకోలేదు. ధరలు కూలాయి, కట్టినవాడు పరారయ్యాడు, ఇంత మేడలో నేనొక్కణ్ణే మిగిలాను. ఉద్యోగమంతా గ్రంథాలయంలో "నిశ్శబ్దం" అన్న బోర్డు చూపిస్తూ బతికాను కాబట్టి, ఆ ఉసురే తగిలిందని సరిపెట్టుకున్నాను.

నిన్న తలుపు తీస్తే బయట మీ నోటీసు: "ఈ ఇల్లు ఖాళీగా ఉన్నది. ధరలు మరింత పడకుండా ఖాళీ ఇళ్లను కొనే పథకం కింద ప్రభుత్వం దీనిని కొనుచున్నది." మీవాళ్లు అది అంటిస్తున్నప్పుడు నేను లోపలే ఉన్నాను. "ఎవరూ లేరురా, అంటించెయ్" అన్నాడొకడు. "ఉన్నానయ్యా!" అని అరిచాను. "ఖాళీ ఇల్లు కదా, ఎలా మోగుతోందో చూడు" అన్నాడు రెండోవాడు.

ఈ ఇల్లు నేను అమ్మను. నోటీసు వెంటనే తీయించండి.

ఇట్లు,
లోపలే ఉన్న మూడో అంతస్తు మనిషి

తా.క.: మీ నోటీసు జిగురు గట్టిది. గోరు విరిగింది కానీ కాగితం ఊడలేదు. ఈ మేడని దానితోనే కట్టి ఉండాల్సింది.

*

మహాశయా,

మీ ఉత్తరం అందినది. మా సిబ్బంది తలుపులు తట్టరు. మొదట్లో తట్టేవారు. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి కష్టాలు చెప్పుకునేసరికి వీధి చివరికి చేరడానికే ఏడాది పట్టేలా ఉండేది. అందువల్ల వీధిలో నిలబడి బాల్కనీలు చూస్తారు. బట్టలు ఆరేసి ఉంటే మనుషులు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మీ బాల్కనీలో బట్టలు కనబడలేదు. కావున కార్యాలయం దృష్టిలో మీరు లేరు. దీనిని మనసులో పెట్టుకోవద్దని మనవి.

మీరు ఉన్న పక్షంలో, వీధికి కనబడేలా బట్టలు ఆరేయగలరు.

అధ్యక్షుల ఆదేశాల మేరకు,
సహాయాధికారిణి

తా.క.: తడి బట్టలే ఆరేయాలన్న నిబంధన లేదు.

*

అమ్మా,

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది మీ పద్ధతి. పక్కన సగం కట్టి వదిలేసిన మేడ నుంచి వచ్చే సిమెంటు దుమ్ముకి తెల్ల చొక్కా సాయంత్రానికి గోడైపోతుంది. అందుకే నేను ఫ్యాను కింద ఆరేసుకుంటాను. నా ఉనికి నా పంకాకి తెలుసు, మీకు తెలియాలని ఏనాడూ అనుకోలేదు.

అయినా సరే, మంకుపట్టు మీకొక్కరికే ఉంటుందా? ఇంట్లో ఉన్న ప్రతి గుడ్డా బాల్కనీకి ఎక్కించాను. చొక్కాలు, దుప్పట్లు, కర్టెన్లు, చివరికి మసిగుడ్డతో సహా. బీరువా అడుగు నుంచి మా ఆవిడ శాలువా కూడా తీసి వేశాను. ఆమె పోయి చాలా కాలమైంది. కానీ బట్ట ఉంటే మనిషి ఉన్నట్టేనని మీరే అన్నారు. మీ లెక్కలన్నిట్లో నాకు నచ్చింది ఇదొక్కటే.

ఇట్లు,
దయతో ఉన్నవాడిగా గుర్తించబడగోరే మూడో అంతస్తు మనిషి

తా.క.: మీ మనిషి వచ్చి చూసి, "అమ్మో, ఒక్క ఇంట్లో ఇంతమందా!" అని నోరెళ్లబెట్టాడు. "నేనొక్కణ్ణేనయ్యా" అన్నాను పైనుంచి. నమ్మలేదు. నిన్నటిదాకా లేనివాణ్ణి, ఇవాళ ఉమ్మడి కుటుంబాన్నైపోయాను.

*

మహాశయా,

నోటీసు తీయించడమైనది.

మరొక శుభవార్త. మీ బట్టలు చూసి, దారిన పోయే దంపతులు స్కూటరు ఆపి ఆ మేడలో ఫ్లాటు ధర ఎంత అని అడిగారట. ఈ కార్యాలయం పుట్టిన దగ్గర్నుంచి ధర అడిగినవారు వారే ప్రథమం. విషయం చెప్పగానే అధ్యక్షుల వారి కళ్లు చెమర్చాయి. మార్కెట్‌కి లేనిది డబ్బు కాదు, కళ అని అక్కడికక్కడే సెలవిచ్చారు. తక్షణమే "జనకళ" పథకం మంజూరైంది. మేడలో మిగతా ఫ్లాట్లన్నీ ప్రభుత్వం కొన్నది కాబట్టి, వాటి బాల్కనీలన్నిటిలో కార్యాలయమే బట్టలు ఆరేయిస్తుంది.

మీ చొక్కాలు కొంచెం పాతవి. కొనేవాళ్లు వచ్చే రోజుల్లో వాటిని లోపలికి తీసుకోగలరు.

అధ్యక్షుల ఆదేశాల మేరకు,
సహాయాధికారిణి

తా.క.: ఈ ఆలోచన మీది. ఫైల్లో మాత్రం అధ్యక్షుల వారిదని రాశాం. మరోలా అనుకోవద్దు.

*

అమ్మా,

మీ జనకళ చూశాను. ఆలూ లేదు, చూలూ లేదు, బాల్కనీ నిండా బడిపిల్లల యూనిఫారాలు. మొన్న వాన పడితే తీసేవాడు లేడు. నిన్నంతా తడిసి, ఇవాళ ముక్కిపోయి, మేడంతా పాత గోనెసంచి వాసన.

ఆ స్కూటరు దంపతులు మళ్లీ వచ్చారు. ఆయన కిందనుంచి కేకేశాడు.

"మాస్టారూ, ఈ మేడలో ఎవరెవరుంటారండీ?"

"నేనుంటాను."

"మిగతావాళ్లో?"

"మిగతావి చొక్కాలు."

వెనక కూర్చున్న ఆవిడ ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది. "నేను చెప్పలా? ఇంటింటికీ ఒకే రంగు తువ్వాలేమిటీ అని! పోనియ్యండి బండి!"

నా మీద కోపం రావచ్చు. రానివ్వండి. నేను చదివిన పుస్తకాల్లో రాజులు దొంగ నాణేలు కొట్టించారు, దొంగ వంశవృక్షాలు రాయించారు. దొంగ ఉతుకు ఆరేయించిన రాజు మాత్రం ఎక్కడా తగల్లేదు. ఈ మేడ వెనక రేకుల షెడ్లలో ఎవరున్నారో మీ వీధిలోంచి కనబడదు. ఈ మేడ కట్టినవాళ్లే ఉన్నారు. కట్టించినవాడు కూలి ఎగ్గొట్టి పోతే, వెళ్లే దారి లేక అక్కడే ఉండిపోయారు. వాళ్ల నెత్తిన రేకు కారుతుంటే, ముందున్న గదుల్లో గాలి ఒక్కటే కాపురం చేస్తోంది. ధర పడిపోతుందని ఇల్లు ఖాళీగా ఉంచడమంటే, అన్నం చల్లారుతుందని ఎవరికీ వడ్డించకుండా మూత పెట్టడమే.

ఇట్లు,
పాత చొక్కాల మూడో అంతస్తు మనిషి

తా.క.: నాలుగో అంతస్తులో ఆరేసిన గౌనుకి ధర చీటీ ఇంకా వేలాడుతోంది. ఆ స్కూటరావిడ వెళ్తూ వెళ్తూ మేడ సంగతి వదిలేసి ఆ గౌను ఎంతని అడిగింది.

*

మహాశయా,

మీరు నిజం చెప్పడం వల్ల మార్కెట్‌కి తీరని నష్టం వాటిల్లింది. కొనేవారి నమ్మకాన్ని దెబ్బతీసే వ్యక్తి ఇంటిని, అతని ఇష్టంతో పని లేకుండా కొనే అధికారం ఈ కార్యాలయానికి ఉంది. ఇంకొక్కసారి నిజం చెప్పినచో మీరు ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుంది. ఇదే ఆఖరి హెచ్చరిక.

ఇక వాన విషయం. వాన తమ ఒప్పందంలో లేదని బట్టల కాంట్రాక్టరు అంటున్నాడు. అక్కడ ఉన్న మనిషి మీరొక్కరే కనుక మిమ్మల్ని గౌరవ వస్త్ర సంరక్షకులుగా నియమించి, ఫ్లాట్లన్నిటి తాళాలూ పంపుతున్నాం. వాన వస్తే తీయాలి, ఎండ రాగానే వేయాలి. ఏ బాల్కనీ బోసిగా కనబడరాదు. మేడంతా జనంతో నిండి ఉన్నట్టు పైకి నివేదిక కూడా వెళ్లిపోయింది.

అధ్యక్షుల ఆదేశాల మేరకు,
సహాయాధికారిణి

తా.క.: ఇది ఆఫీసు మాట కాదు. నేను అద్దెకున్న ఇంటావిడ నన్ను గది ఖాళీ చెయ్యమంది. ఇళ్ల ఆఫీసులో పనిచేస్తూ ఇల్లు దొరకడం లేదంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. మీ మేడలో గాలి బాగా వస్తుందాండీ?

*

అమ్మాయీ,

తాళాలు అందాయి. వాటి వెనకే వానా వచ్చింది. ఈ మోకాళ్లతో నేను ఎన్ని బాల్కనీలు ఎక్కి దిగను? షెడ్లలో ఉన్న మేస్త్రీ పెళ్లాన్ని కేకేశాను. ఆమె నలుగుర్ని వెంటేసుకుని వచ్చింది.

"ఇన్ని బట్టలు ఎవరివి తాతా?"

"మీవే."

"మరి ఇళ్లు?"

"బట్టలెవరివో ఇళ్లూ వాళ్లవే. నేను చెప్పడం కాదు, సర్కారు పద్ధతే అది."

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "రేపు సర్కారోళ్లు వచ్చి బయటికి గెంటితే?"

"గెంటాలంటే మీరు ఇన్నాళ్లూ ఇక్కడ లేరని రాయాలి. ఉన్నారని ముందే రాసేసుకున్నారు."

వాన తగ్గేలోపు సామాన్లు వచ్చేశాయి. పిల్లలకి యూనిఫారాలు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. గౌను మేస్త్రీ కూతురికి. ధర చీటీ తియ్యనివ్వడం లేదు, దాన్ని వీధంతా చూపించుకుంటోంది.

ఇప్పుడు ఈ మేడలో పొద్దున్న లేస్తే గోలే. నిన్న నేను పుస్తకాల బీరువా జరిపితే, కింద నుంచి మేస్త్రీ పెళ్లాం గొంతు: "తాతా! అది బీరువానా, రోడ్డు రోలరా? మా పిల్ల ఉలిక్కిపడి లేచింది!" "మీ పిల్ల ఏడుపుకి నేను లేవలేదా?" అన్నాను. చాలా ఏళ్ల తర్వాత కడుపునిండా పోట్లాడాను.

ఇక మీ ఆఖరి హెచ్చరికకి నా జవాబు. నేను ఇల్లు అమ్మను, ఖాళీ చెయ్యను, నిజం చెప్పడం మానను. ఇప్పుడు నా నిజమూ మీ నివేదికా ఒక్కటే కాబట్టి నన్ను వెళ్లగొట్టాలంటే ముందు మీరు అబద్ధమాడామని ఒప్పుకోవాలి. మొన్న ఇంకెవరో వచ్చి ఈ మేడలో ఎవరున్నారని అడిగారు. "నిండా జనమే" అన్నాను. "అయ్యో, ఒక్కటి కూడా ఖాళీ లేదా!" అని ఉసూరుమంటూ పోయారు. మీ మార్కెట్‌ని లేపింది నేనే. ఇది కూడా అధ్యక్షుల వారి పేర రాసుకోండి.

గాలి సంగతి అడిగావు. నా పక్క ఫ్లాటులో రెండు వైపులా కిటికీలున్నాయి, పగటిపూట పంకా అక్కర్లేదు. తాళం ఈ కవర్లోనే పెట్టాను. పెట్టే బేడా తరవాత, ముందు ఒక చున్నీ తెచ్చి బాల్కనీలో ఆరెయ్యి.

ఇట్లు,
కదలని మూడో అంతస్తు మనిషి

తా.క.: తాళం ఎవరిచ్చారని మీ అధ్యక్షుడు అడిగితే దాచకు, నేనే ఇచ్చానని చెప్పు. ఆ పక్క ఫ్లాటు కొంటానని నాకు మాటిచ్చింది ఆయనే. ఇళ్ల ధరలు పెరగడమే తప్ప తగ్గడం ఉండదని లెక్కలు వేసి చూపించి, నా చేత సంతకం పెట్టించి, తను మాత్రం జారుకున్నాడు. ఇప్పుడు జనం డబ్బుతో మేడంతా కొని, మాట నిలబెట్టుకున్నానని అనుకుంటున్నాడేమో. కట్టినవాడు పారిపోయాడు, వ్యాపారి బుద్ధి అంతే అనుకున్నాను. మార్కెట్ పడింది, దానికి సిగ్గూ శరమూ ఉండవు. వాళ్లెవరినీ నేను ఒక్క మాట అనను. ఈనాటికీ నేను తప్పుపట్టేది ఒక్కణ్ణే: మీ అధ్యక్షుణ్ణి, నా తోడబుట్టిన తమ్ముణ్ణి.