కప్తాన్ వాళ్లమ్మ

ఖైరున్ చాచీ,

నువ్వు పోయి ఈ శుక్రవారానికి ఏడాది. మనం చూసిన ఆ విదేశీ అంతరిక్ష సీరియల్‌ను సర్కారు ఛానల్‌లో మళ్లీ వేస్తున్నారు, ఈసారి తెలుగులో.

అప్పట్లో అది ఇంగ్లీషులో వచ్చేది. ఆలేరులో మా గల్లీకంతా మీ ఇంట్లోనే టీవీ. ఆదివారం పిల్లలమంతా చేరితే, నువ్వు కుట్టుమిషన్ ఆపి మాకు తెలుగులో చెప్పేదానివి.

"కప్తాన్ వాళ్లమ్మకు ఖబర్ పంపుతుండు. ఫికర్ చెయ్యకు అమ్మీ, చుక్కలు దాటంగనే ఇంటికొస్త అంటుండు."

ఆ తల్లి కోసం నేను ఏడ్చాను కూడా.

నిన్న చూస్తే, కప్తాన్‌కు అసలు తల్లే లేదు. అతను మాట్లాడేదంతా ఇంజన్ గురించే! నీకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదని ఇన్నేళ్లకు తెలిసింది. ఎంత గడుసుదానివి! నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాను. ఒక్క ఆదివారమైనా "నాకు తెల్వది" అని మమ్మల్ని ఉత్తచేతులతో పంపలేదు నువ్వు.

పక్కన మా పాప విసుక్కుంది. "ఏందమ్మా, ఎప్పుడూ ఇంజనేనా? గాయనకు అమ్మ లేదా?"

టీవీ సౌండ్ బంద్ చేశాను.

"ఎందుకు లేదు బిడ్డా? పేరు ఖైరున్. మిషన్ కుడుతది," అంటూ మొదలుపెట్టాను.